పదునాలుగు మిల్లీమీటర్లు

“మడమలు ఆనిచ్చు బిడ్డా, మునేళ్ల మీద లేవకు” అని అంగన్‌వాడీ టీచరు మూడవ పర్యాయము చెప్పినది. నాలుగేండ్లైనను నిండని ఆ చిన్నవాడు మూడవ పర్యాయము కూడ మునివ్రేళ్ల మీదనే లేచినాడు. కొలతపలక ముందు నిలువబడిన క్షణముననే తాను పొడుగుగా కనబడవలెనను కోరిక పిల్లలకు ఎవ్వరును నేర్పకయే పుట్టునేమో! ఆమె విసుగుకొనలేదు. మోకాళ్లకడ ఒక చేయి వేసి మెల్లగా అదిమి, రెండవ చేతితో గడ్డము పట్టి, కంటిగుంట అడుగు అంచును చెవిరంధ్రమును ఒక్క సమరేఖలోనికి వచ్చునట్లు తల నిలిపి, మడమలు, పిరుదులు, భుజములు, తల వెనుకభాగము పలకకు తాకినవని చూచుకొని, అప్పుడు గాని పైనుండి అడ్డుబద్దను దింపలేదు. 98.4 సెంటీమీటర్లు. పుస్తకములో వ్రాసికొనుటకు ముందు వానిని ప్రక్కకు దింపి, మరల నిలిపి, రెండవసారి కొలిచినది.

నేనా పల్లెకు పోయినది ఈ అడ్డుబద్దను చూచుటకే యని చెప్పినచో వినువారు నవ్వుదురు. హైదరాబాదునుండి నాగార్జునసాగరు రోడ్డు పట్టి, ఇరుప్రక్కల ఇంజనీరింగు కళాశాలల బోర్డులు చదువుకొనుచు, ఇబ్రహీంపట్నము దాటి, ఆవల చీలిన త్రోవలో ఆటో ఎక్కి చేరవలసిన ఊరది. పేరు చెప్పను. ఈ ప్రాంతపు పిల్లలను గూర్చి శాస్త్రజ్ఞులు వ్రాసిన పత్రములలో ఏ బిడ్డ పేరును బయటపడకుండ కాపాడినారు. ఊరి పేరు నేను కాపాడుట ఆ మర్యాదలో నా వంతు.

ఆ పత్రముల కథ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థతో ముడివడి యున్నది. 1918లో కూనూరులో రాబర్టు మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి విచారణకై ఆరంభించిన చిన్న ప్రయోగశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి పెరిగి పెద్దదైనదే యీ సంస్థ. 1975 అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఊరూరికి ఒక్కనాడే చేరలేదు. మెల్లమెల్లగా, కొన్నింటికి ముందును కొన్నింటికి వెనుకను చేరినది. 1987 నుండి 1990 వరకు, హైదరాబాదు పరిసరములలో పథకము వచ్చియున్న 15 గ్రామములను, ఇంకను రాని 14 గ్రామములను ఎంచుకొని, మొదటివానిలో గర్భిణులకును ఆరేండ్లలోపు పిల్లలకును దినదినము పెట్టిన ఆహారము ఏమి మేలు చేయునో సంస్థవారు పరీక్షించిరి. రెండవ తెగ ఊళ్లవారి కంచము ముందునుండి ఎవ్వరును అన్నము లాగివేయలేదు. వారికి ప్రభుత్వము అప్పటికి వడ్డింపనే లేదు. ఈ భేదమును నేను పదే పదే తలచుకొని ఊరట చెందుటకు ప్రయత్నించితిని, పూర్తిగా చెందలేకపోతిని.

పెట్టిన ఆహారము ఉప్మా. శాస్త్రపత్రములో సైతము ఆ మాట యట్లే యున్నది. కాని బొంబాయి రవ్వతోను తిరగమోతతోను మన యిండ్లలో చేయునది కాదు. మక్కజొన్న, సోయా కలిపిన పిండిని సోయానూనెతో వండినది. ఆ నాళ్లలో అంగన్‌వాడీలో ఆయాగా నుండిన ఒక అవ్వ వేపచెట్టు క్రింద మంచముపై కూర్చుండి యుండగా టీచరు నన్ను తోడ్కొనిపోయినది.

“యాదికున్నది సారూ,” అన్నది అవ్వ. “పిండి సంచులల్ల వస్తుండె, నూనె డబ్బలల్ల వస్తుండె. పొద్దుగాల్నే పొయ్యి ముట్టిస్తే వాసనకే పోరగాళ్లు గిన్నెలు వట్టుకొని ఉర్కొస్తుండిరి.”

“తల్లులు కూడ ఇక్కడనే తినేవారా, అవ్వా?”

“యాడ తింటరు? ఇంటికి కొంటవోతమంటరు. ఇంటికి వోతె మొగడు తినె, అత్త తినె, కడుపుతోని ఉన్న పిల్లకేం మిగులుతది? ఈడ్నే నా ముంగట తినుండ్రి అని కొట్లాడుతుంటి.” ఒక నిమిషమాగి, “కొట్లాడి కొట్లాడి ఊరంత నాకు పగైన్రు” అని బోసినోటితో నవ్వినది.

పోషకాహార పథకములను గూర్చి గ్రంథములు వ్రాసిన పండితులు ‘ఇంటిలోని పంపకము’ అని ఏ చిక్కును పేర్కొందురో అది ఈ అవ్వకు మొగుడు, అత్త, కడుపుతోనున్న పిల్ల అను మూడు ముఖములతో తెలియును. పత్రములలో ఆమె ప్రసక్తి లేదు, ఉండదు. ఐనను గర్భిణికి దినమునకు ఇరువది గ్రాముల మాంసకృత్తులు చేరవలెనని కాగితముపై వ్రాయుట వేరు, ఆ ఇరువది గ్రాములు గడప దాటకుండ కాచుట వేరు. ఆ కాపుదల యీ వేపచెట్టు ప్రాంతముననే జరిగినది.

తరువాతి కథ నాకు మిక్కిలి ప్రియమైనది. 2003 మొదలు 2005 వరకు, సంజయ్ కిన్రా మొదలగు పరిశోధకులు ఆ 29 గ్రామములకును మరల పోయి, నాటి ప్రయోగకాలమున పుట్టిన బిడ్డలను వెదకి, 13 మొదలు 18 ఏండ్ల ప్రాయములో నున్న 1,165 మందిని పరీక్షించిరి. ఉప్మా పెట్టిన ఊళ్లలో పుట్టినవారు పెట్టని ఊళ్లలోనివారి కంటె సగటున 14 మిల్లీమీటర్లు పొడుగుగా నుండిరి; ఇన్సులిను పనిచేయు తీరులోను, రక్తనాళముల మెత్తదనములోను వారి స్థితియే మెరుగుగా నుండెను. ఈ ఫలితములు 2008లో వెలువడినవి. అటు తరువాత అరిందమ్ నంది, జెరె బెర్మన్ మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు అదే సమాచారమును తీసికొని చదువు లెక్క చూచిరి. ఉప్మా ఊళ్ల పిల్లలు బడిలో నుండుటకు అవకాశము 7.8 శాతము ఎక్కువ. చదివిన తరగతులు సగటున 0.84 ఎక్కువ. అనగా ఇంచుమించు ఒక తరగతి. మార్కులలో మాత్రము రెండు తెగలకును తేడా కనబడలేదు.

ఈ కడపటి వాక్యమును దాచక అచ్చువేసినందుకు వారిపై నాకు గౌరవము కలిగినది. బిడ్డ కడుపు నిండినచో బుద్ధి వికసించి ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడగునని చెప్పినచో సభలలో చప్పట్లు మ్రోగును; కాని లెక్క అట్లు పలుకలేదు. ఉప్మా పిల్లవానిని బడి గుమ్మమువరకు తెచ్చి, మరికొన్నినాళ్లు అక్కడ నిలిపినది. గుమ్మము లోపల జరిగినది, లేక జరుగనిది, అవ్వ పొయ్యికి సంబంధించినది కాదు. ఇంకొక్క మాట కూడ చెప్పవలెను. ఏ ఊరికి పథకము, ఏ ఊరికి కాదు అని చీట్లు వేసి తీయలేదు. కావున ఆ రెండు తెగల ఊళ్లకు మధ్య మనకంట బడని వేరు భేదములును ఉండవచ్చును.

మరల అడ్డుబద్ద కడకు వత్తును. రెండేండ్లలోపు బిడ్డను పలకపై పరుండబెట్టి నిడివి కొలుతురు. అటుపై నిలువబెట్టి ఎత్తు కొలుతురు. ఒక్క బిడ్డనే రెండు విధముల కొలిచిన, నిలుచున్నప్పటి ఎత్తు పరుండినప్పటి నిడివి కంటె సుమారు 7 మిల్లీమీటర్లు తక్కువ వచ్చును. దీనికై ప్రపంచ ఆరోగ్య సంస్థ సవరణ సూత్రమే యిచ్చినది. 14 మిల్లీమీటర్లన్న దానికి రెండింతలు మాత్రమే. మునివ్రేళ్లమీద లేచిన ఒక్క కొంటెతనము, విప్పని ఒక్క కొప్పు, వంచిన ఒక్క మెడ దానిని మ్రింగివేయగలవు. వేయిమందికి పైగా పిల్లలను ప్రతివానిని రెండేసిమారులు నిలువబెట్టి, గడ్డము పట్టి, ఓర్పుతో దింపిన బద్ద క్రింద గాని ఆ స్వల్పభేదము తేలి బయటికి రాదు. టీచరు రెండవసారి ఏల కొలిచినదో నాకప్పుడు తెలిసినది.

కేంద్రము లోపల ఒక మూల ఐదేండ్ల బాలిక చింతగింజలతో ఆడుకొనుచుండెను. నేను ప్రక్కన చతికిలబడి, ఐదేసి గింజలు రెండు వరుసలు ఎదురెదురుగా పేర్చి, “ఏ వరుసలో ఎక్కువున్నాయమ్మా?” అంటిని. వేలితో ఒక్కొక్క గింజను తాకి, పై వరుసలోని ఒక గింజను రెండుమారులు లెక్కపెట్టి, తప్పు తానే తెలిసికొని మరల మొదలుపెట్టి, “రెండు ఒక్కతీర్గనే ఉన్నయి” అన్నది. క్రింది వరుస గింజలను ఆమె చూచుచుండగనే ఎడముగా జరిపి, అదే ప్రశ్న మరల వేసితిని. “గిది ఎక్కువ” అని క్షణమైన ఆలోచింపక పొడుగైన వరుసను చూపినది.

స్విట్జర్లాండు దేశపు పియాజే పండితుడు పిల్లలలో కనిపెట్టి వ్రాసినదే యిది; ఆరేడేండ్లు వచ్చువరకు వారి కంటికి నిడివియే సంఖ్య. 1974లో మెక్‌గారిగిల్, డొనాల్డ్‌సన్ అను ఇద్దరు, వరుసను పెద్దవారు గాక ఒక అల్లరి ఎలుగుబంటిబొమ్మ చెదరగొట్టినట్లు నటింపగా, సరిగా చెప్పిన పిల్లల సంఖ్య చాల పెరిగినదని చూపిరి. పెద్దమనిషి ఒకే ప్రశ్నను రెండవసారి అడిగినచో, మొదటి సమాధానము తప్పు కాబోలునని బిడ్డ జంకునేమో. నాకడ ఎలుగుబంటి లేదు; పట్నమునుండి వచ్చిన కళ్లజోడు మాత్రమున్నది. కావున ఆ బాలికను తప్పుపట్టలేను. తప్పుపట్టుటకు మొగమును చెల్లదు: కొలుచుటకు సులువైనది గనుక పొడుగునే చూచి, దానియందే సమస్తమును వెదకుచు అంతదూరము వచ్చినవాడను నేనును గదా.

పండ్రెండు గంటలకు అన్నము, పప్పు, ఉడికించిన గ్రుడ్డు వడ్డించిరి. ఇప్పుడు ఉప్మా లేదు. పసిబిడ్డలకు ఇంటికిచ్చు బాలామృతము పొట్లములు బీరువాప్రక్కన పేర్చియున్నవి. గోడపై జబ్బ చుట్టుకొలతకు వాడు మూడురంగుల టేపు వ్రేలాడుచున్నది, ఎరుపు 11.5 సెంటీమీటర్లకు లోపల, పసుపు 12.5 వరకు, ఆపై ఆకుపచ్చ. గిన్నెలు కడుగుచు టీచరు, ఇరువదిమంది పిల్లల ఎత్తు బరువులు పుస్తకములో వ్రాసి, మరల అవే అంకెలు ఫోనులోను ఎక్కింపవలెనని, పొద్దు గుంకినను తెమలదని చెప్పినది.

నేను చెప్పులు తొడుగుకొనుచుండగా ఉదయపు చిన్నవాడు మూతికి గ్రుడ్డుసొన అంటుకొనియుండగనే పరుగెత్తివచ్చి, తనంతట తానే పలకకు వీపు ఆనించి నిలిచినాడు.

“గుడ్డు తిన్న టీచర్. మల్ల కొలువు.”

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకొని వాని మోకాళ్లపై చేయివేసినది. ఈసారి వాడు మడమలు లేపలేదు.

“ఎంతొచ్చింది?”

“పొద్దుగాల ఉన్నంతనే” అన్నది ఆమె, బద్దను దించిపట్టుకొనియే.

“రేపు?”

“రేపు గుడ్డు తిన్నంక చూద్దాం” అని వానిని ప్రక్కకు జరిపి, వానివెనుక అప్పటికే వరుస కట్టిన మరి ముగ్గురిలో మొదటివాని గడ్డము పట్టుకొన్నది.