గుడ్డకు అంటని దుమ్ము

మీ ఇంటి కిటికీ చువ్వ మీద వేలుపెట్టి గీస్తే ఏ రంగు అంటుకుంటుంది? విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర కాపురముంటున్న మాకు నలుపు అంటుకుంటుంది. చెన్నై-కోల్‌కతా రహదారి బందరు రోడ్డును దాటేది అక్కడే. మా అమ్మకు ఉబ్బసం. రోజూ తడిగుడ్డతో గచ్చు తుడిచి, గుడ్డ మరీ నల్లబడకపోతే "ఇవాళ గాలి బాగుంది" అంటుంది. ఆ గుడ్డ చెప్పేది సగం నిజమే.

గచ్చు మీద పడేది బరువైన దుమ్ము. దానిలో చాలాభాగం ముక్కులోనే ఆగిపోయి, తుమ్ముతోనో చీమిడితోనో బయటికి పోతుంది. అసలు భయం కిందపడకుండా గాలిలో తేలే రేణువులతోనే. తలవెంట్రుక మందంలో ఇరవయ్యోవంతుకు మించని వీటిని పి.ఎం. 2.5 అంటారు. డీజిలు పొగ, చెత్త మంటలు, కట్టెలపొయ్యి వీటి పుట్టిళ్ళు. ఇవి ఊపిరితిత్తుల లోతుల దాకా పోతాయి. మరీ సూక్ష్మమైనవి రక్తంలోనూ కలుస్తాయి. అందుకే వీటివల్ల ఆయాసమే కాదు, గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు కూడా పెరుగుతుంది. ఘనపు మీటరు గాలిలో ఇవి ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు మించరాదని మన దేశం 2009లో నిర్ణయించింది. 2021లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన హద్దు 5 మాత్రమే!

చలికాలం తెల్లవారుజామున చల్లగాలి నేలను అంటిపెట్టుకుని ఉంటే, పైనున్న వెచ్చని గాలి దానికి మూత పెడుతుంది. రాత్రి పొగంతా ఆ మూత కిందే ఉంటుంది. మంచిగాలి కోసమని మనం నడకకు బయలుదేరేదీ ఆ వేళకే! అమ్మ ఇప్పుడు ఎండపొడ వచ్చాకనే, లోపలి వీధుల్లో నడుస్తోంది. మీరూ అలాగే చేయండి.

వాకిలి ఊడ్చేముందు నీళ్ళు చల్లండి. చెత్తకు నిప్పు పెట్టకండి. మూసిన గదిలో దోమలచుట్ట వెలిగించకండి, దోమతెర మేలు. కొంగు, చేతిరుమాలు ఈ రేణువులను సరిగా ఆపలేవు. ముఖానికి బిగుతుగా అమరే ఎన్-95 మాస్కు చాలావరకు ఆపుతుంది.

మరొక్క మాట. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? నెలల తరబడి దగ్గు వదలడం లేదా? "వయసు మీదపడింది కదా" అని సరిపెట్టుకోకండి, డాక్టరుకు చూపించండి. పొగతాగని వారికీ ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఉబ్బసానికి రాసిచ్చిన పీల్చేమందును "అలవాటైపోతుందేమో" అన్న భయంతో మానకండి. అది అలవాటయ్యే మందు కాదు, మానితేనే ప్రమాదం.