గులాబీ పురుగుకు గడువు: తిరుమలాయపాలెం పత్తి చేలల్లో

ఖమ్మం నుంచి మరిపెడ మీదుగా వరంగల్ వెళ్ళే దారిలో తిరుమలాయపాలెం వస్తుంది. పత్తి, మిరప ఈ మండలానికి ఆధారం. పత్తి తీతలు అయిపోవచ్చిన రోజుల్లో ఇక్కడి చేలగట్ల వెంట తిరిగి చూశాను. కొన్ని చేలల్లో మోళ్లు పీకి దుక్కి దున్నేశారు. పక్క చేలల్లో చెట్లు ఇంకా నిలిచే ఉన్నాయి. కొమ్మల చివర ఆలస్యంగా పట్టిన పూత, పచ్చికాయలు. కాయ చీలిస్తే లోపల గింజను తొలుస్తున్న గులాబీ రంగు పురుగు, పసుపు తిరిగిన దూది. రెండు చేలకూ నడుమ ఉన్నది ఒక గట్టే. రాత్రిళ్లు ఎగిరే రెక్కల పురుగుకు ఆ గట్టు అడ్డం కాదు. అందుకే వచ్చే వానాకాలపు పత్తి భద్రత, మోళ్లు ఎప్పుడు తీస్తామన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉందంటాను.

పురుగు బతుకు లెక్క చూస్తే ఇది తేటపడుతుంది. తల్లి పురుగు గూడ, పూత, లేత కాయల మీద వందకు పైగా గుడ్లు పెడుతుంది. నాలుగైదు రోజుల్లో పిల్ల పురుగు కాయలోకి దూరుతుంది. దూరిన రంధ్రం పూడుకుపోయాక ఏ మందూ దాన్ని సరిగా తాకదు. ఒక తరానికి నెల పైచిలుకు చాలు. వంద గుడ్లలో పదే బతికి, అందులో సగం ఆడవే అనుకున్నా తరానికి ఐదు రెట్లు. ఆ లెక్కన నాలుగు తరాలకు ఒకటి 625 అవుతుంది, ఆరు తరాలకు 15,625. డిసెంబరులో ముగించిన పంటకూ మార్చి దాకా నిలిపిన పంటకూ తేడా ఇంచుమించు ఆ రెండు తరాలే. పైగా చివరి తరం పురుగులు జంట గింజల నడుమ, రాలిన కాయల్లో, జిన్నింగ్ మిల్లుల గింజల్లో నెలల తరబడి నిద్రావస్థలో ఉండి కొత్త పంటకు కాచుకుంటాయి.

బీటీ విత్తనం ఉండగా ఇంత భయమెందుకని అడగవచ్చు. 2002లో బీటీ పత్తి, 2006లో రెండు జన్యువుల బీజీ-2 వచ్చాయి. శనగపచ్చ పురుగును అవి చాలావరకు ఆపాయి. గులాబీ పురుగు మాత్రం 2010 నాటికే గుజరాత్‌లో మొదటి రకాన్ని తట్టుకుంది, తర్వాత రెండో దాన్నీ తట్టుకుంది. అయినా దానికొక బలహీనత ఉంది. శనగపచ్చ పురుగు కంది, శనగ, మిరప, టమాటా దేని మీదైనా బతుకుతుంది. గులాబీ పురుగుకు దాదాపు పత్తే దిక్కు. చేలో గూడ లేని కాలంలో బయటికొచ్చిన రెక్కల పురుగు సంతానానికి తిండి దొరకదు. లింగాకర్షక బుట్టలు కట్టి, వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి పురుగులు పడితే మందు కొట్టాలన్నది మంచి సూత్రమే. అది పంటలో ఉన్న పురుగును కనిపెడుతుంది. పంటకూ పంటకూ నడుమ గొలుసును తెంచేది మాత్రం ఖాళీ నేలే.

రైతు అభ్యంతరం తేలికైంది కాదు. నీటి వసతి లేని చేనుకు రెండో పంట ఉండదు. చివరి తీతలో వచ్చే నాలుగు కిలోలూ అతనికి లెక్కే. మోళ్లు పీకడానికి కూలి దండగ. తాను పీకినా పక్కవాడు ఉంచితే ఫలమేమిటి? ఈ మూడూ నిజమే, మూడూ ఒకే చోటికి తెస్తాయి: ఇది ఒంటరి రైతు పని కాదు. అమెరికా 2018లో ఈ పురుగును తన పత్తి పొలాల నుంచి నిర్మూలించినట్టు ప్రకటించింది. బీటీ పత్తి, గొడ్డు రెక్కల పురుగులను వదలడం, గడువులోగా మోళ్లు దున్నేయడం కలిసి ఆ ఫలితమిచ్చాయి. అక్కడి కమతాలు పెద్దవి, ఇక్కడివి చిన్నవి; కాబట్టే ఇక్కడ గడువును ఊరంతా కలిసి పెట్టుకోవాలి. మోళ్లు ముక్కలు చేసే యంత్రాల అద్దె రైతు ఒక్కడి నెత్తిన పడకుండా ప్రభుత్వం భరించాలి. తిరుమలాయపాలెంలో గట్టుకు ఇవతలి రైతు పడ్డ కష్టం దక్కాలంటే, డిసెంబరు దాటకముందే అవతలి చేను కూడా ఖాళీ కావాలి.