వానదారిలో ఆకాశవాణి

మా పెద్దలు కడప మండలము విడిచి బెంగుళూరు చేరి మూడు తరములైనది. నేను ఇచ్చటనే పుట్టి, మెట్రిక్ వరకు చదివి, గుమాస్తాగా ముప్పదియారేండ్లు పనిచేసి విశ్రమించినవాడను. వీధిలో కన్నడము, ఫైళ్ళలో ఇంగ్లీషు, ఇంటిలో తెలుగు, ఈ మూడింటి నడుమ నా జీవితము గడచినది. ఇంటిలోని ఆ తెలుగును నేనెంతవరకు కాపాడితినను ప్రశ్న ఒక వానదినమున కారులో నాకెదురైనది. ఆ సంగతిని పాఠక మహాశయులకు మనవి చేసికొందును.

అది 2022 డిసెంబరు 10వ తేదీ. ముందు రాత్రియే మాండౌస్ తుపాను మామల్లపురము చెంత తీరము దాటెను. బెంగుళూరున కూడ ముసురు పట్టియుండెను. అయినను, కడపలోనున్న మా అక్కకు ఒంటిలో బాగుగా లేదని కబురు వచ్చినందున, మధ్యాహ్నము కాగానే బయలుదేరితిమి. అల్లుడు కారు నడపుచుండెను. పండ్రెండేండ్ల మనుమరాలు నా ప్రక్కన కూర్చుండి తన ఫోనునుండి పాటలు వినిపించుచుండెను. అవి చక్కని తెలుగు పాటలే. కాని హొసకోట దాటి చింతామణి చేరులోపల అవియే రెండు మారులు వినబడినవి.

"రేడియో పెట్టు తల్లీ" అంటిని.

"రేడియోలో ఏం వస్తుందో మనకు తెలియదు కదా తాతా!" అని ఆ పిల్ల పలికెను.

ఆ మాటతో నా మనస్సు మా నాన్నగారి రేడియో కడకు పోయినది. ఆయన చిక్కపేటలో ఒక బట్టల అంగడిలో లెక్కలు వ్రాసెడివారు. ఏటేట పోస్టాఫీసునకు పోయి దానికి లైసెన్సు సొమ్ము కట్టి వచ్చెడివారు. మీడియం వేవ్ తరంగములు పగటివేళ నేలవెంట కొంత దూరమే సాగును. పైకి పోయినవానిని ఆకాశమునందలి దిగువ పొర మ్రింగివేయును. రాత్రి ఆ పొర మాయమగుటచే, అవి ఇంకను పైనున్న పొరను తాకి మరలి వందల మైళ్ళ ఆవల నేలకు దిగును. కనుకనే 1948లో వెలసిన విజయవాడ కేంద్రము, 1963లో వెలసిన కడప కేంద్రము, చీకటి పడిన పిదపనే మా యింటికి చుట్టములై వచ్చెడివి. తెల్లవారుజామున భక్తిరంజని వినుచుండగా, ప్రొద్దు పొడిచిన కొలది ఆ గొంతు సన్నగిల్లి గరగర ధ్వనిలో కలిసిపోయెడిది. ఆ కార్యక్రమమునకు రూపు దిద్దిన బాలాంత్రపు రజనీకాంతరావుగారే తరువాత మన బెంగుళూరు కేంద్రమునకు డైరెక్టరై, 1978లో ఇచ్చటనే పదవీ విరమణ చేసిరి. ఆకాశవాణి యను పేరు కూడ 1935లో మైసూరున ఎం.వి. గోపాలస్వామిగారు నెలకొల్పిన కేంద్రమునకు పెట్టినదియే గదా. కన్నడసీమ పేరుతో తెలుగుసీమ మాట మా యింటికి వచ్చెడిది.

నాన్నగారు పాటలకంటె మాటలనే శ్రద్ధగా వినెడివారు. రైతుల కార్యక్రమము వచ్చినచో ఎవరిని పలుకనిచ్చెడివారు కారు. "మనకు సెంటు నేలైనా లేదు, ఎరువుల సంగతి మనకెందుకండీ?" అని మా అమ్మ నవ్వెడిది. "ఎరువు కోసం కాదే, మాట కోసం" అనెడివారు ఆయన. అప్పుడు నాకది వేడుకగా తోచినది.

ఆయన 1989లో గతించిరి. ఇల్లు ఇరుకైనదని ఆ పెట్టెను పాతసామానుల వానికిచ్చివేసితిని. అది అప్పటికి బాగుగనే పలుకుచుండెను. కర్మకాండలు ముగిసి కడపకు పోవునప్పుడు మా అక్క దానిని తన కిమ్మని అడిగెను. "కెట్టుహోయితు అక్కా" అంటిని. చెడిపోయినదని నేను చెప్పినది అబద్ధము. అక్క మారుపలుకలేదు. ఆ పిమ్మట మా యింట మేమెన్నుకొనిన పాటలు, మేమెన్నుకొనిన సినిమాలు తప్ప పరుల తెలుగు వినబడలేదు. మా అమ్మాయి తెలుగు వంటింటికి, దేవునిగదికి తగినంతగా మిగిలినది. మనుమరాలి తెలుగు అంతకంటె కొంత తగ్గినది.

మదనపల్లె దాటునప్పటికి వాన పెద్దదైనది. గుర్రంకొండ కోట మబ్బులో కనబడనేలేదు. రాయచోటి మీదుగా గువ్వలచెరువు చేరి, అక్క కొరకు అచ్చటి పాలకోవా కొంటిమి. ఘాటు దిగుచుండగా కొండల మరుగున ఫోనునకు సిగ్నలు పోయి, పాట నడుమ తెగిపోయినది. పిల్ల కొంతసేపు ఫోనును త్రిప్పి చూచి, విసుగుతో తానే తండ్రిచేత రేడియో పెట్టించెను. మొదట గరగర మాత్రమే. ఒక మలుపు తిరిగినంత నొక గొంతు తేలినది, మరల మునిగినది, మరల తేలినది. అది కడప కేంద్రము. రైతులకు సలహాలు చెప్పుచుండిరి. శనగచేలలో నిలిచిన నీటిని కాలువలు తీసి పంపివేయవలెననియు, నేల పదునుకు వచ్చిన తరువాతనే అంతరకృషి చేయవలెననియు ఎవరో నిదానముగా చెప్పుచుండిరి.

"పదును కత్తికి కదా ఉంటుంది, తాతా? నేలకెలా వస్తుంది?"

వాన వెలసిన పిదప నేల బురదగాను ఉండక, గట్టిపడకయు, నాగలికి లొంగునంత తడి కలిగియుండుటయే పదునని చెప్పితిని. పిల్ల క్షణమాలోచించి, "మా కన్నడ పాఠంలో హద అని వచ్చింది. అదేనా?" అనెను.

నేను నిర్ఘాంతపోయితిని. అది నాకెన్నడు తట్టలేదు. పాతకన్నడములోని పకారము తరువాత హకారమైనది. పాలు హాలైనది, పులి హులియైనది. పదునును హదయు ఒకే వేరునుండి పుట్టినవే. ఈ సంగతి చెప్పగానే పిల్లకు ఆటవస్తువు దొరికినట్లయినది. "పూవు హూవు! పండు హణ్ణు! పల్లి హళ్ళి!" అని లెక్కించుచు ఘాటంతయు దిగినది. ఫోనునకు సిగ్నలు వచ్చినను చూడలేదు.

అప్పుడు గాని నాన్నగారి మాట నాకు తెలియలేదు. మనమెన్నుకొనిన పాటలో మనకు తెలిసిన తెలుగే మరల మరల మ్రోగును. మనమెన్నుకొనని మాటలో, ఎవరో రైతునకు ఎవరో చెప్పుచున్న మాటలో, మనము పోగొట్టుకొనిన తెలుగు దొరకును. సొంత ఊరికి దూరమైన కుటుంబములకు ఆ రెండవదానియొక్క అవసరమే ఎక్కువ. పాటలు పండుగనాడు మన సంఘములలో వినవచ్చును. విత్తనము, వాన, ధర, జబ్బు, తగవు, వీనిని గూర్చిన మాట రోజును చెవిని పడుచుండవలెను. దానిని మా యింటి గడప దాటించి పాతసామానుల బండిలో వేసినవాడను నేనే.

చీకటి పడినంతనే అక్కయింటికి చేరితిమి. ఆమె మంచముపై దిండునకానుకొని కూర్చుండెను. తలదగ్గర చిన్న ట్రాన్సిస్టరు. చెవులు మందగించినందున దానిని చెవికానించుకొని వినునట. కోవా చేతిలో పెట్టి, ముప్పదిమూడేండ్లుగా మోసిన అబద్ధమును దించివేసితిని.

"ఆ పొద్దే తెలుసులేరా. అబద్ధం చెప్పేటప్పుడు నీ నోట కన్నడం వచ్చేస్తాది" అని అక్క నవ్వెను. ఆపై పిల్లవైపు తిరిగి, "ఏం పాపా, మీ ఊళ్ళో వాన బాగా పడిందా?" అని అడిగెను.

"పదునైంది అవ్వా!" అనెను పిల్ల.

"బెంగుళూరు రోడ్డుకు పదునేందే!" అని అక్క పకపక నవ్వుచు, పిల్లను మంచముమీదికి లాగుకొని, ట్రాన్సిస్టరును ఇద్దరి నడుమ పెట్టెను.