ఆపరేషనుకు ముందు నడక



ఇంటి పెద్దకు ప్రేగు ఆపరేషను చేయవలెనని డాక్టరుగారు చెప్పిన దినమునుండి మన యిండ్లలో ఒక మాట వినబడును: "తాతా, మంచము దిగకుము, ఉన్న బలము పోగొట్టుకొనకుము." రోగులను పరామర్శింపబోయినప్పుడు నేను దీనిని అనేక గడపలలో వింటిని. అది ప్రేమతో పలికిన మాటయే. కాని బలము గాదెలో దాచుకొను ధాన్యము కాదు. నెల దినములు కొట్టములో కట్టివేసిన ఎద్దు ఏరువాకనాడు కాడిక్రింద తడబడును గదా!

ఆరోగ్యవంతులైన 12 మంది వృద్ధులను 10 దినములు మంచముమీదనే ఉంచి చూడగా, వారి కాళ్లలో సుమారు ఒక కిలో కండ తరిగెనని 2007లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. కెనడాలోని మాంట్రియల్ పట్టణ వైద్యులు పెద్దప్రేగు క్యాన్సరుగల 77 మందిని రెండు గుంపులు చేసిరి. ఒక గుంపువారు ఆపరేషనుకు సుమారు నాలుగు వారములు ముందుగానే వ్యాయామమును, మాంసకృత్తులుగల ఆహారమును, మనస్సును నెమ్మదిపరచు అభ్యాసమును ఆరంభించిరి. రెండవ గుంపువారు ఆపరేషను తరువాతనే ఆరంభించిరి. ఎనిమిది వారములు గడచిన పిమ్మట మొదటి గుంపులో నూటికి 84 మంది, రెండవ గుంపులో 62 మంది మునుపటి నడకను తిరిగి పొందిరి. ఇది 2014లో వెలువడెను. అయితే మిక్కిలి బలహీనులైన వృద్ధులనుగూర్చి 2020లో వెలువడిన పరీక్షలో, ముందుగా ఆరంభించినందున ఆపరేషను తరువాతి చిక్కులు తగ్గలేదు. గనుక ఇది మంత్రము కాదు, సాధనము మాత్రమే.

మా పెద్దన్నగారికి 72 ఏండ్ల ప్రాయమున పెద్దప్రేగులో గడ్డ కనబడెను. ఆపరేషనుకు నెల దినముల గడువుండెను. డాక్టరుగారి అనుమతితో ఉదయ సాయంకాలములు చెరువుకట్టమీద ఇద్దరము నడిచితిమి. మొదటి దినమున తుమ్మచెట్టు చేరకమునుపే ఆయన ఆయాసపడి కూర్చుండెను. మూడవ వారమునకు తూమువరకు పోయి రాగలిగెను. ఇంటిలో చేతులూనక కుర్చీనుండి పదిమార్లు లేచి కూర్చుండెడివాడు. వదినెగారు పప్పు, గ్రుడ్డు తప్పక పెట్టిరి.

ఒక సాయంకాలము తూమువద్ద ఆగి, "తమ్ముడూ, నేను తిరిగి యింటికి వత్తునా?" అని అడిగెను. నాయొద్ద జవాబు లేదు. "చీకటి పడకముందు ఇంకొంచెము నడుద్దము, అన్నయ్యా" అంటిని.

ఆపరేషను మరునాడు నర్సమ్మ లేపగా ఆయన తన కాళ్లమీద నిలిచెను. కోత మానుటకు చాల దినములు పట్టెను, నొప్పియు తక్కువ కాదు. అయినను మరుగుదొడ్డికి పోవుటకు ఎవరి భుజమును కోరలేదు. వృద్ధునికి అది చిన్న సంగతి కాదు.

డాక్టరును అడుగక ఎవరును వ్యాయామము ఆరంభింపరాదు. దీనికొరకు ఆపరేషనును వాయిదా వేయనురాదు. కాని వేచియుండు దినములు మన చేతిలోనే యున్నవి. రోగిని చూడబోవునప్పుడు పండ్లతోపాటు ఒక అరగంట తీరికను తీసికొనిపోవుడి. "పండుకొనుడి" అనక, "రండి, నడుద్దము" అని చేయి అందించుడి.