కలం జాడ ఉన్న అక్షరాలు

బాలలూ, బెల్జియం దేశంలో షెల్ట్ నది ఒడ్డున ఆంట్వెర్ప్ అనే రేవుపట్నం ఉన్నది. అక్కడ "శుక్రవారపు సంత" అని పిలిచే చోట ఒక పాత ఇల్లు ఉన్నది. నేను దాన్ని ఒక గంటలో చూసి వద్దామని వెళ్ళి, సాయంత్రం తలుపులు మూసేదాకా అక్కడే ఉండిపోయాను.

1555లో క్రిస్టఫ్ ప్లాంటిన్ అనే ఫ్రెంచివాడు ఆ ఊళ్ళో అచ్చుపని ప్రారంభించాడు. 1576లో ఈ ఇంటికి మారాడు. మూడువందల ఏళ్ళ తరవాత, 1876లో, ఆయన వంశంవారు దాన్ని సామానుతో సహా నగరానికి అమ్మారు. ఇప్పుడది మ్యూజియం. 1600 ప్రాంతపు కొయ్య అచ్చుయంత్రాలు రెండు అక్కడ ఉన్నవి. ప్రపంచంలో అంతకన్న పాతవి మిగలలేదు.

కాని నన్ను కదలనివ్వనివి అద్దాల పెట్టెలోని చిన్న ఉక్కు కడ్డీలు. ఒక్కొక్క కడ్డీ కొసన ఒక్క అక్షరం, అద్దంలో చూసినట్టు తిరగబడి, చెక్కి ఉన్నది. దాన్ని రాగిముక్కమీద పెట్టి కొడితే గుంట పడుతుంది. ఆ గుంటకు మూస బిగించి కరిగిన సీసం పోస్తే అచ్చు అక్షరం తయారవుతుంది. సీసపు అక్షరం అరిగితే మళ్ళీ పోసుకోవచ్చు. ఉక్కు కడ్డీ, రాగిముక్క రెండూ పోతే ఇక ఆ అక్షరం పోయినట్టే.

వీటిలో కొన్నింటిని చెక్కినవాడు పారిస్ నగరపు క్లాడ్ గారమాండ్. ఆయన 1561లో చనిపోయాక ప్లాంటిన్ వాటిని కొన్నాడు.

ఆ అక్షరాల స్వభావం తెలియాలంటే ఒక పని చేయండి. రెండు పెన్సిళ్ళు పక్కపక్కన కట్టండి. కాగితంమీద కుడి మొన ఎడమ మొనకన్న కాస్త ఎగువన ఆనేలా పట్టుకుని, చేయి తిప్పకుండా ఇంగ్లీషు "ఓ" రాయండి. రెండు గీతలూ ఎడమవైపు పైన, కుడివైపు కింద దగ్గరపడతవి, మిగతాచోట్ల ఎడమవుతవి. చదునుగా కోసిన ఈకకలంతో రాసినా ఇంతే. గారమాండ్ ఉక్కులో కూడా ఆ సన్నము, లావు, వాలు అలాగే ఉంచాడు. అందుకే ఆయన "ఓ" ఎడమకు ఒరిగి ఉంటుంది. "ఓ" నిటారుగా లేదని నేను బడిలో ఎందరు పిల్లలను గద్దించానో! ఆ పెట్టె ముందు నాకు కొంచెం సిగ్గు వేసింది.

ఇలాంటి అక్షరాలు రైలుస్టేషను బోర్డులకు అంతగా పనికిరావు. సన్నగీతలు దూరానికి ఆనవు. గంటలకొద్ది చదివే పుస్తకాలకు మాత్రం చాలా హాయి.

అలా గంటలకొద్ది చదివినవారిలో ప్లాంటిన్ కూతుళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు నాలుగైదేళ్ళ వయసునుంచే ప్రూఫులు చదివేవారని ఆయన 1570లో ఒక ఉత్తరంలో రాశాడు. అయిదు భాషల బైబిలు అచ్చవుతున్నప్పుడు నాలుగో అమ్మాయి మదలీన్ పదమూడేళ్ళది. ఆ పిల్ల ప్రూఫులను పండితుడి ఇంటికి తీసుకుపోయి, ఆయన సరిచూసుకునేందుకు మూలం పైకి చదివేది.

1945 జనవరిలో ఆ ఇంటిముందే జర్మనుల బాంబు పడింది. ఇల్లు బాగా దెబ్బతిన్నది. కాని సామగ్రి దక్కింది. బాగుచేసి 1951లో మళ్ళీ తెరిచారు. తరవాత రాబర్ట్ స్లింబాక్ అనే అమెరికన్ అక్కడికి వెళ్ళి, ఆ అక్షరాలు పరిశీలించి, 1989లో కంప్యూటరుకు అడోబీ గారమాండ్ తయారుచేశాడు. హారీ పాటర్ కథల అమెరికా ముద్రణలు ఆ అక్షరాలలోనే ఉన్నవి. మీకు దొరికితే ఒక పేజీ తెరిచి, "ఓ" ఎటు ఒరిగి ఉన్నదో చూడండి.