పడలేదండీ, ఇంకోసారి వెయ్యండి

అంబాసిడర్ కారు తలుపు వెయ్యడం ఒక విద్య. నా వయసు వాళ్ళకి దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. హేండిలు పట్టుకుని తలుపుని కాస్త పైకెత్తి, ఒక్క ఊపున లాగాలి. అప్పటికీ డ్రైవరు వెనక్కి తిరిగి, "పడలేదండీ, ఇంకోసారి వెయ్యండి" అనేవాడు. పెళ్ళికి వెళ్ళే కారులో ఎనిమిది మందిమి ఎక్కి, ఆఖరివాడు తలుపుకి ఆనుకుని కూర్చునే ఆ రోజుల్లో ఆ మాట విలువ మనకి తెలిసేది కాదు.

ఆ కారు పుట్టిల్లు మా ఇంటికి దగ్గర్లోనే ఉంది. ఆక్స్‌ఫర్డ్ ఊరి పక్కన కౌలీలో 1956 నుంచి 1959 దాకా తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీయే మన అంబాసిడర్‌కి మూలం. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు 1957లో మొదలుపెట్టి, 2014 దాకా దాన్ని చేస్తూనే ఉన్నారు. పుట్టింట్లో మూడేళ్ళు, అత్తింట్లో యాభై ఏడేళ్ళు! కౌలీలో ఇప్పుడు బీఎమ్‌డబ్ల్యూ వాళ్ళు మినీ కార్లు చేస్తున్నారు.

నేను ఇక్కడ ఎన్‌హెచ్‌ఎస్‌లో ముప్ఫై ఏళ్ళు కీళ్ళ డాక్టరుగా చేసి రిటైరయ్యాను. అందరూ గోల్ఫ్ కర్ర కొనుక్కుంటారు, నేను 1957 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కొన్నాను. "అక్కడ మావయ్యగారు వదిలించుకున్న బండిని ఇక్కడికొచ్చి డబ్బిచ్చి తెచ్చుకున్నారా?" అంది మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు.

బండి నడక బాగానే ఉంది. వెనక ఎడమ తలుపుతోనే పేచీ. పైఅంచు గుమ్మానికి రాసుకునేది. గట్టిగా వేస్తేగాని పడేది కాదు, పడ్డట్టు కనిపించినా లాకు సగమే పట్టేది. ఆ వెనక సీటు మీదే మా నాలుగేళ్ళ మనవరాలు కన్నేసింది. బెల్టులు లేకుండా తయారైన పాత కార్లలో మూడేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కించకూడదు, మూడు దాటితే వెనక కూర్చోబెట్టవచ్చు అంటుంది ఇక్కడి చట్టం. నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చెయ్యని కార్లకి 2018 మే నుంచి ఏటేటా చేయించే ఎంఓటీ పరీక్ష కూడా అక్కర్లేదు. అంటే, ఆ తలుపు పడిందో లేదో చూడడానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడన్నమాట. ప్రమాదకరంగా ఉన్న బండిని రోడ్డెక్కించడం మాత్రం ఇప్పటికీ నేరమే. మలుపులో ఆ తలుపు తెరుచుకుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. తలుపు బాగయ్యేదాకా పిల్లని ఎక్కించనని ఇంట్లో చెప్పేశాను.

సలహాలకి కొదవ లేదు. రాసుకుంటున్న అంచుని అరగదీయమన్నారు ఒకరు. లాకుని పట్టుకునే స్ట్రైకర్ ప్లేటు కాస్త పైకి జరిపితే సరిపోతుందన్నారు ఇంకొకరు. నాకు రెండూ నచ్చలేదు. మోకాలు నొప్పని వచ్చే కొందరిలో మోకాలు శుభ్రంగా ఉంటుంది, అరిగింది తుంటి కీలు. నొప్పి చెప్పిన చోటే చూస్తూ కూర్చుంటే జబ్బు దొరకదు. తలుపుకున్నవీ కీళ్ళే కదా!

విజయవాడలో ఉన్న మా తమ్ముడితో ఈ మాట అంటే, ఆటోనగర్‌లో అంబాసిడర్లకి ఏళ్ళ తరబడి టింకరింగు చేసిన మేస్త్రి ఒకాయన్ని వీడియో కాల్‌లోకి తెచ్చాడు. ఆయన కారుని చూసి మురిసిపోయాడు. "మన బండే కదండీ డాక్టరు గారూ! తలుపు సగం తెరిచి, అంచు పట్టుకుని పైకెత్తండి. కీలు ఆడుతోందా, కీలు పట్టుకున్న స్తంభం ఆడుతోందా చూడండి."

కీలు కొద్దిగా ఆడింది. లోపలి పిన్ను అరిగింది.

"అదొక్కటే అయితే అదృష్టమే. ఇప్పుడు జాకీ ఎక్కించి, తలుపు చుట్టూ సందు చూడండి."

సందు కొలవడానికి ఇక్కడి రెండు పెన్నీల నాణాలు రెండు కలిపి పట్టుకున్నాను, దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. బండి నేల మీదున్నప్పుడు పైన నాణాలు దూరలేదు. జాకీ ఎక్కించేసరికి దూరాయి. మేస్త్రి ముఖంలో నవ్వు పోయింది. "బాడీ కుంగిందండీ" అన్నాడు.

ఈ కార్లకి లారీలకున్నట్టు కింద వేరే ఛాసిస్ ఉండదు. నేల రేకు, స్తంభాలు, తలుపుల కింద నిడుపుగా సాగే రేకు పెట్టెలు (ఇక్కడ సిల్ అంటారు), అన్నీ కలిసే బరువు మోస్తాయి. బండికి రెండు కొసలా చక్రాల ఆసరా ఉంటుంది, మధ్యలో ఉండదు. ఆ సిల్ తుప్పు పడితే నడుము కుంగుతుంది. గుమ్మం పైన బిగుస్తుంది, కింద విచ్చుకుంటుంది. ఈ దేశంలో వాన ఎలాగూ ఉంది. దానికి తోడు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మేస్త్రి చెప్పినట్టు సిల్ పొడవునా అయస్కాంతం ఆనించి చూస్తే, జానెడు మేర అంటుకోలేదు. ఎప్పుడో ఎవరో తుప్పు మీద లప్పం పూసి, నిగనిగలాడేలా రంగేశారు.

వంకర గుమ్మానికి సరిపోయేలా తలుపునీ వంకర చెయ్యొచ్చు. చూడ్డానికి బాగుంటుంది, ఖర్చూ తక్కువ. వెల్డింగుకయితే కారు కొన్న ధరలో సగం అడిగారు. మా ఆవిడ లెక్క విని, "పిల్లని ఎక్కించేట్టయితే చేయించండి. లేదంటే దాన్లో పూలమొక్కలు పెట్టుకుందాం" అంది.

చేయించాను. వెల్డరు సిల్ కొయ్యకముందు గుమ్మాలకి అడ్డంగా ఇనప కడ్డీలు బిగించాడు. లేకపోతే కోసినప్పుడు గుమ్మం ఆకారమే మారిపోతుంది. విరిగిన కాలుని కదలకుండా పట్టి ఉంచి ఆపరేషన్ చేసిన చేతికి ఆ పద్ధతి కొత్తగా అనిపించలేదు. కొత్త రేకు పడ్డాక తలుపుల పని నా వంతు. "వెనక నించి ముందుకి రండి" అన్నాడు మేస్త్రి. కారు వెనక భాగం కదలదు కాబట్టి, ముందు వెనక తలుపుని దానికి సరిచెయ్యాలి. తర్వాత ముందు తలుపుని వెనక తలుపుకి, ఆ తర్వాతే ముందు మడ్‌గార్డు. స్ట్రైకర్ ప్లేటు అసలు విప్పేసి, తలుపు కీళ్ళ మీదే గుమ్మంలో సూటిగా నిలిచేదాకా మళ్ళీ బిగించకూడదు. తలుపుని మొయ్యడం కీళ్ళ పని. పట్టుకోవడం ఒక్కటే లాకు పని.

కొత్త పిన్నులు వేసి, కీళ్ళ వెనక పల్చటి రేకు ముక్కలు పెట్టి, ఒక్కో స్క్రూ చొప్పున నాలుగు తలుపులకీ మూడు వారాలు పట్టింది. రబ్బరు సరిగ్గా నొక్కుకుంటోందో లేదో చూడడానికి తలుపు సందులో కాగితం ముక్క పెట్టి, తలుపు వేసి లాగాను. చుట్టూ ఒకేలా బిగువుగా వచ్చింది. వెనక సీటుకి గట్టి రేకు మీద ప్లేట్లు వెల్డు చేయించి, నడుం బెల్టులూ, దానికి సరిపడే పిల్లల సీటూ పెట్టించాను. కారు చూసినవాళ్ళంతా రంగుని మెచ్చుకున్నారు. కొత్త సిల్ చూడాలంటే నేల మీద పడుకోవాలి, అంత ఓపిక ఎవరికుంటుంది?

మొదటిసారి పిల్లని ఎక్కించే రోజు మేస్త్రికి ఫోన్ చేశాను. తలుపు దగ్గర పెట్టమన్నాడు ఫోన్ని. ఎత్తకుండా, ఊపకుండా, వేలితో నెట్టినట్టు వేశాను.

"ఇంకోసారి వెయ్యండి డాక్టరు గారూ."

వేశాను. అవతల ఆటోనగర్ సుత్తి చప్పుళ్ళ మధ్య ఒక్క క్షణం మౌనం.

"ఆఁ... పడింది. ఇహ వెళ్ళిరండి."