చెరువు పుస్తకంలో ఇంకో గడి

"ఏదీ గుర్తుండట్లేదండి డాక్టరుగారూ" అంటూ నలభై లోపువాళ్ళు వస్తే ముందు రక్తపరీక్షలు రాస్తాను. థైరాయిడ్, షుగరు, బీ12, హిమోగ్లోబిన్. గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందా అని ఇంట్లోవాళ్ళని అడుగుతాను. మనసులో దిగులేమైనా ఉందేమో కనుక్కుంటాను. వీటిలో ఏది తేలినా మందుంది. ఏదీ తేలనివాళ్ళతోనే ఎక్కువసేపు కూర్చుంటాను. వాళ్ళ రోజు ఎలా గడుస్తోందో విన్నాకే జబ్బేమిటో అర్థమవుతుంది.

మా భీమవరం దగ్గరి ఉండి వైపు రొయ్యల చెరువులు చూసే ఒక టెక్నీషియన్ సంగతి చెబుతాను. ఆనవాలు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ముప్పై దాటని కుర్రాడు, పీజీ ఎంట్రన్స్‌కి చదువుకుంటున్నాడు. పెద్దవాళ్ళెవరో చెప్పారని రోజూ తెల్లవారుజామున ఐదింటికి పుస్తకం తీస్తున్నాడు. చదివింది మధ్యాహ్నానికి ఒక్క ముక్క మిగలడం లేదు.

వనామీ రొయ్యల సాగులో తెల్లవారుజామంటే ఏమిటో ఇక్కడివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పగలు ఎండలో ప్లాంక్టన్ నీటికి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయ్యాక అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత, అన్నీ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. పొద్దుపొడిచే ముందు నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే డీఓ, బాగా పడిపోతుంది. మూడు పీపీఎం కిందికి దిగితే పంటకే ముప్పు. అందుకే ఏరేటర్లు తిరుగుతున్నాయా, కరెంటు పోతే జనరేటర్ అందుకుందా అని ఆ వేళ మనిషి గట్టు మీదే ఉండాలి. రాత్రంతా మేలుకున్న మనిషి మెదడు కూడా సరిగ్గా ఆ వేళకే అడుగంటుతుంది. ఒంటి వేడి బాగా తగ్గేదీ, చురుకు చచ్చిపోయేదీ మూడుకీ ఐదుకీ మధ్యే. ఐదింటికి లేచి చదవమనే సలహా రాత్రి పదింటికి పడుకునేవాడికి పనికొస్తుంది. రాత్రంతా గట్టు మీద ఉండే ఇతనికి అది శిక్ష.

అతని చొక్కా జేబులో చిన్న పుస్తకం కనిపిస్తే అడిగి తీసుకున్నాను. చెరువు నంబరు, డీఓ, పీహెచ్, వేసిన మేత, చెక్‌ట్రేలో మిగిలిన మేత. స్కేలు పెట్టి గీసిన గడులు. నీళ్ళ మరకలున్న పేజీల్లో కూడా అంకె చెదరలేదు. ఇంత లెక్కగా రాసుకునేవాడికి మతిమరుపంటే నేను నమ్మను.

"నిన్న ఎంతసేపు పడుకున్నావయ్యా?"

"ఆయ్... ఓ నాలుగ్గంటలుంటుందండి. మధ్యలో ఫోన్లొచ్చాయండి."

ఆ పేజీలోనే కుడిపక్కన ఇంకో గడి గీసిచ్చాను. ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు లేచాడు, ఏ వేళ బుర్ర తేటగా ఉంది, ఇవి రాయమన్నాను. రెండు వారాల తర్వాత తెస్తే విషయం కళ్ళకి కట్టింది. తేటగా ఉండే వేళ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఆ రెండు గంటలూ మేత బిల్లులకీ, వాట్సాప్ గ్రూపులకీ పోతున్నాయి. చదువుని అక్కడికి జరిపాం, బిల్లుల్ని సాయంత్రానికి నెట్టాం. అర్ధరాత్రి దాటాక టీ మానేశాడు. పొద్దున్న నిద్రలో ఎవరూ లేపకుండా వాళ్ళావిడ ఫోను తన దగ్గర పెట్టుకుంది. నా మందుచీటీ కంటే ఆవిడ చేసిన పనే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం. చదివింది మెదడులో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే. ఆ నిద్రని ముక్కలు చేసుకుంటూ ఎన్ని గంటలు చదివినా నిలవదు.

బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయిది వేరే చిక్కు. జేఏఐఐబీ పరీక్షకి చదువుతోంది. పక్క ఎక్కగానే రేపటి పనులన్నీ వరసకడతాయి: పిల్లాడి క్యారేజీ, బ్రాంచిలో ఆడిట్, కట్టాల్సిన ఫీజు. పడుకునే ముందు అయిదు నిమిషాలు కూర్చుని వాటిని కాగితం మీద పెట్టమన్నాను. ఇది నా సొంత చిట్కా కాదు. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 57 మందితో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. రాబోయే పనులు రాసుకున్నవాళ్ళు, అయిపోయిన పనులు రాసినవాళ్ళకంటే సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్రపట్టింది.

ఆమె పుస్తకం నిండా పసుపు గీతలే. చదివిందే మళ్ళీ చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది, అదే మోసం. రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు 2006లో ఈ సంగతి తేల్చారు. మళ్ళీ చదివినవాళ్ళకి అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం గడిచేసరికి మాత్రం, పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసినవాళ్ళు ముందున్నారు: వీళ్ళకి 56 శాతం, వాళ్ళకి 42. అందుకే ఆమెని పేజీ మూసి, గుర్తున్నంత రాసి, తర్వాత తప్పులు చూసుకోమన్నాను. మొదట్లో బాధగానే ఉంటుంది. ఆ బాధ లేకుండా చదువు నిలవదు.

ఇలాంటి మాటలు జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఎత్తుతారు. 1895 జనవరి 12న ఈ భీమవరంలోనే పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ దాటలేదు. 1922లో బోస్టన్ చేరి, బతుకుతెరువు కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేస్తూ చదువుకున్నారు. 1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. మన డెల్టాని తరతరాలు పీడించిన బోదకాలుకి వాడే డీఈసీ మందు లెడర్లే మందుల కంపెనీలో ఆయన నడిపిన పరిశోధన నుంచే వచ్చింది. ఆ మాత్రలు పంచుతున్నప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటాను. అయితే నిద్ర మానుకుంటే అంతవాళ్ళమవుతామని పిల్లలకి చెప్పడం నాకు నచ్చదు. గతిలేక చేసిన రాత్రి పని అది, ఎవరూ కోరి నేర్చుకోవాల్సిన అలవాటు కాదు. యాభై మూడేళ్ళకే పోయారాయన. మూడోసారి మెట్రిక్‌కి కూర్చున్న మనిషిని చూసి నేర్చుకోమంటాను.

ఇప్పుడు చెరువుల యజమానులకి ఒక మాట. రాత్రంతా ఒక్కడి మీదే పెట్టకండి. ఇద్దరుంటే ఒకరు రెండింటి దాకా, ఇంకొకరు ఆ తర్వాత చూసుకుంటారు. ఆ టెక్నీషియన్ యజమానితో నేనే ఫోనులో మాట్లాడాను. జీతం ఖర్చు గురించి కాసేపు వాదించారు. ఒకరోజు పొద్దున్నే మోటార్ సైకిలు మీద కునికిపాట్లు పడుతూ కుర్రాడు కాలవలోకి పోతే ఏం చేస్తారండీ అని అడిగాను. ఈ పంట నుంచి రెండో మనిషిని పెట్టారు.